విదియ నాడు చేసిన ఉగాది

“తాతా, ఈ పంచాంగంలో ప్రతి అమావాస్య పక్కనా పెన్సిలుతో ఇంకో టైము రాసుకోనుండావు. ఎందుకిది?”

అది నీ కంట్లో పడిందా? అలమర సర్దమ్మా అంటే పంచాంగం ముందరేసుకోని కూచున్నావు. సరే, కూచో. ఫోన్లో రికార్డు చేసుకుంటావా? చేసుకో, నాదేం పోతాది. ఆ ఫ్యాను మాత్రం రవంత తగ్గించు, అది నా కంటే ఎక్కువ మాట్లాడతాది. ఆఁ, అట్ల.

అది మారిషస్ టైము. నవ్వుతావేం, నిజంగానే. మనకు అమావాస్య ఇన్ని గంటలకు పోతాదని అచ్చులో ఉండాది కదా, దాంట్లో గంటన్నర తీసేసి పక్కన రాస్తా. నలభై ఏండ్లకు పైన్నుంచి రాస్తా ఉండాను. మీ అవ్వ ఉండగా ‘ఈయప్పకు చాదస్తం’ అనేది. చాదస్తం కాదు పాపా, అది నాకు నేను వేసుకున్న... శిక్ష అనను, శిక్ష కాదు. మరిచిపోకుండా ఉండను పెట్టుకున్న గుర్తు అనుకో. నేను ఒక ఉగాదిని చెడగొట్టినాను. ఒక ఊరి ఉగాదిని.

మీ అమ్మకు చెప్దామని చూసినా, సగంలోనే కుక్కర్ కూసిందని లేచిపోయింది. నువ్వన్నా విను.

మా నాయన తిరుచానూరు గుళ్ళో పూలు కట్టేవాడు, అది నీకు తెలుసు. తెల్లారుజామునే నెత్తిన నీళ్ళు పోసుకోని పోతే మధ్యాహ్నం అన్నానికే ఇంటికి రావడం. ఆయప్ప వేళ్ళు ఎప్పుడు చూసినా నారతో కోసుకోనిపోయి పచ్చగా ఉండేవి. చదువు రాదు... అంటే రాదని కాదు, జాబు రాయను చదవను వస్తాది, అంతవరకే. నన్ను మాత్రం సంస్కృతం కాలేజీలో చేర్చినాడు. తిరుచానూరు నుంచి తిరుపతికి దినమూ సైకిలు మీదే. మూర పూలు పావలాకు అమ్మే కాలం, సైకిలు ట్యూబు పగిలిందంటే ఇంట్లో పెద్ద పంచాయితీ. ఏం చెప్తా ఉండా? ఆఁ, కాలేజీ. ఆడ నేను పంచాంగం చూసేది, గుణించేది నేర్చుకున్నా. క్లాసులో ఫస్టు. ఆ ఫస్టే తరవాత నా కొంప ముంచింది.

డెబ్బై ఏడా, ఎనిమిదా... ఎమర్జెన్సీ అయిపోయినాకే. ఒక మఠం వాళ్ళు, పేరెందుకులే, ధర్మప్రచారానికి కుర్రోళ్ళను పంపిస్తామన్నారు. మారిషస్‌లో మన తెలుగోళ్ళు ఉండారు, వాళ్ళ తాతముత్తాతలు చెరుకు తోటల్లో కూలికని ఓడెక్కి పోయినోళ్ళు, భాషా పూజలూ మరిచిపోతా ఉండారు, పోయి నేర్పించి రావాల, రెండేండ్లు అన్నారు. మన చిత్తూరికి దొరసానమ్మలు వచ్చి వాళ్ళ దేవుణ్ణి గురించి చెప్పలా? అట్లాంటి పనే, కాకుంటే మనది మనోళ్ళకే. నాకు ఇరవై నాలుగేండ్లు. పెండ్లి కాలా. పోతానన్నా.

మా అమ్మ మూడు దినాలు అన్నం ముట్టలా. సముద్రం దాటితే ఎట్లరా, మళ్ళ గుళ్ళోకి రానిస్తారా అని. నాయన నాతో స్టేషన్ దాకా వచ్చినాడు. రేణిగుంటలో రైలెక్కేటప్పుడు తన చేతి గడియారం విప్పి నా చేతికి కట్టినాడు. ‘నీకు నాయనా?’ అంటే, ‘నాకెందుకురా, గుళ్ళో గంట కొడతారు కదా’ అన్నాడు.  

బొంబాయికి పోయి, ఆణ్ణుంచి ఇమానం. దిగేతలికి సెప్టెంబరు. వాళ్ళ ఊరికి పోయే దావ పొడుగునా మామిడి చెట్లు పూసి ఉండాయి. వినాయక చవితి పోయి వారం కాలా, మామిడి పూత! నాకు నవ్వాలో భయపడాలో తెలీలా. మధ్యాహ్నం తలెత్తి చూస్తే పొద్దు ఉత్తరం పక్కన పోతా ఉండాది. నా నీడ దక్షిణానికి పడింది. నేను నిలబడి నీడ చుట్టూ తిరగతా ఉంటే చెరుకు కొట్టే ఆడోళ్ళు కత్తులు పక్కన పెట్టి నవ్వినారు. సంకల్పంలో ఏ ఋతువు చెప్పాల, నువ్వే చెప్పు? చుట్టూ చూస్తే వసంతం. నోటితో వర్ష ఋతువు అని చెప్పాల. మన వసంతం చైత్రంలో, వాళ్ళ వసంతం భాద్రపదంలో. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది, ఇదేందిరా, మన లెక్కలు ఈడ తలకిందులు అయితా ఉండాయే అని. రాలా.

ఊరు తూర్పు సముద్రం ఒడ్డున. చుట్టూ చెరుకు, మధ్యలో రేకుల ఇండ్లు, ప్రతి ఇంటి ముందరా తులసమ్మ. నన్ను సన్యాసి తాత అనే ఆయన ఇంటి వెనక రూములో పెట్టినారు. పేరు చూసి సన్యాసి అనుకోవద్దు, ఆయనకు ఏడుగురు బిడ్డలు. చెరుకు కొట్టి కొట్టి నడుము వంగినాయన. వాళ్ళ నాయన ఎప్పుడో విశాఖపట్నం పక్కనుంచి ఓడెక్కి వచ్చినాడంట. తాత మాట ఆ పక్క మాటే, ‘నాను సెప్పినాను బావూ’ అని. ఎంత దూరం పోయినా చెక్కుచెదరకుండా ఉండాది.

ఆయన మనవడు సిమాద్రి. నా ఈడోడే. చక్కెర మిల్లులో పని, పొడుగ్గా వాసం మాదిరి ఉంటాడు. వాని తెలుగు ఎట్లాంటిదంటే, భజనలో పుస్తకం లేకుండా రెండు గంటలు పాడతాడు, ‘నాకు నీళ్ళు కావాల’ అనేదానికి మాత్రం తిప్పలు పడతాడు. వాళ్ళకు ఇంట్లో క్రియోల్ బాస, ఫ్రెంచి మాదిరి. పాటలు మాత్రం తాతల నుంచి అట్లే నోటికి వచ్చినాయి, అర్థం తెలీదు. నేను వానికి అర్థం చెప్పేది, వాడు నాకు క్రియోల్ నేర్పించేది. మిల్లు నుంచి సందకాడ వచ్చి, చక్కెర పాకం వాసన పోయేదాకా స్నానం చేసి, ఇద్దరం సముద్రం ఒడ్డుకు పోయేవాళ్ళం. ఆడ సముద్రానికి అల లేదు పాపా! దూరంగా రాళ్ళ గట్టు అడ్డం ఉంటాది, ఇవతల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు గమ్మున ఉంటాయి. నేను పుట్టి సముద్రం చూసిందే అప్పుడు. ఇదే సముద్రం అనుకున్నా చాన్నాళ్ళు.

వాడు ఊరికే ప్రశ్నలు అడిగేవాడు. తిరుపతి కొండకు మెట్లు ఉంటాయంటనే, ఏడుకొండలంటే ఏడూ ఒకేసారి కనపడతాయా, గుండు కొట్టించుకుంటే ఆ ఎంటికలన్నీ యాడికి పోతాయి? నాకు సగం తెలీదు. తెలీదని చెప్పేదానికి సిగ్గు. ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి, తిరుపతి నుంచి వచ్చిన పంతులు తెలీదు అంటాడా!

ఒకనాడు నా గడియారం చూసి, ‘ఇది తప్పు పోతా ఉండాది’ అన్నాడు. తప్పు కాదు, అది మా నాయన టైము అన్నా. నేను ఆ గడియారాన్ని మార్చలా. ఆడికీ ఈడికీ గంటన్నర తేడా. మనకు ముందు తెల్లారతాది, వాళ్ళకు తరవాత. గోడ గడియారం చూసి పనులు చేసుకునేది, చేతి గడియారం చూసి ఇల్లు తలుచుకునేది. అది వానికి భలే నచ్చింది. ఆ దినం నుంచి సందకాడ కూచుంటే నా మణికట్టు పట్టుకోని ‘ఇప్పుడు నాయన ఏం చేస్తా ఉండాడు?’ అని అడిగేవాడు. నేను చూసి, ‘ఏడున్నర. అన్నం తింటా ఉండాడు. మజ్జిగలో ఉప్పెక్కువయిందని అమ్మను అంటా ఉండాడు’ అని చెప్పేది. ‘ఇప్పుడో?’ ‘ఇప్పుడు రేపటి తులసి మాలకు నార తడిపి పెడతా ఉండాడు.’ మా నాయనను వాడు ఎప్పుడూ చూడలా. ఆయన దినమంతా వానికి తెలుసు.

అట్ల వాళ్ళ వసంతం అంతా గడిచింది. మామిడి కాయ పండై, పండ్లు అయిపోయి, గాలివానలు వచ్చి పోయి, మార్చి వచ్చింది. వాళ్ళకు ఆకు రాలే కాలం, మనకు ఉగాది. నాకు లోపల ఒకటే ఉబలాటం. వీళ్ళకు ఉగాది ఎట్ల చెయ్యాల్నో చూపిస్తా అని.

టౌన్లో వాళ్ళు ఏనాడు చేసుకున్నా, ఆ ఊర్లో మాత్రం సన్యాసి తాత ఏనాడంటే ఆనాడే ఉగాది. అది వాళ్ళ నాయన పెట్టిపోయిన పద్ధతి. తాత ప్రతి నెలా చివర్లో తెల్లారక ముందే లేచి సముద్రం ఒడ్డుకు పోయి తూర్పు చూసేవాడు. తెల్లారుజామున చంద్రుడు దినదినానికి సన్నంగా అయ్యి కిందికి దిగతా వస్తాడు కదా. ఏ దినం కనపడకుండా పోతే ఆ దినం అమావాస్య. మర్నాడు కొత్త నెల. ఉగాదికైతే, అమావాస్య నాటి సాయంత్రం ఒక ఇత్తడి గంట పట్టుకోని ఇంటింటికీ పోయి వాయించి ‘రేపు ఉగాది’ అని చెప్పేవాడు. ఆ గంట వాళ్ళ నాయన ఓడలో తెచ్చిందంట. నలభై ఏండ్లుగా తాతే వాయించేది.

పచ్చట్లో ఏమేస్తారో తెలుసా? మామిడికాయ ఆ కాలానికి ఉండదు కదా, ఏదో అడవి పుల్లకాయ. వేప్పూత దొరకదు, దానికి కాకరకాయ. కాకరకాయ! సన్నగా తరిగి ఎండబెట్టి. నేను అరిచేసినా, ‘ఉగాది పచ్చట్లో కాకరకాయ ఏంది, శాస్త్రం ఒప్పుకోదు’ అని. తాత శాంతంగా ‘సేదు సేదే గదా బావూ’ అన్నాడు. అప్పుడే నోరు మూసుకోవాల నేను. మూసుకుంటానా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే వయసది.

ఆ సాయంత్రం తాత గంట పట్టుకోని బయల్దేరినాడు, ‘రేపు ఉగాది’ అని. నేను రూములోంచి పంచాంగం తీసుకోని పరిగెత్తినా. నాయన పోస్టులో పంపించిన పంచాంగం, అచ్చు వాసన కూడా పోలా. దాంట్లో అమావాస్య రేపు పొద్దున ఆరూ నలభై దాకా ఉండాది. పొద్దు పొడిచేది ఆరుంబావుకు. అంటే రేపు పొద్దు పొడిచేటప్పుడు ఇంకా అమావాస్యే. పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ దినం ఆ తిథిదే, అది నీకు తెలుసు కదా. కాబట్టి ఉగాది రేపు కాదు, ఎల్లుండి. నడివీధిలో నిలబడి, నాలుగిండ్ల వాళ్ళు చూస్తా ఉండగా, ఆ పెద్దాయనకు వేలు పెట్టి చూపించినా. ‘ఇదో తాతా, చూడు, అచ్చులో ఉండాది.’ ఆయనకు చదువు రాదని నాకు తెలుసు పాపా. తెలిసీ చూపించినా.

అందరూ ఆయన మొహమూ నా మొహమూ చూసినారు. ఎవరో అన్నారు, తిరుపతి పంతులు చెప్పినాడంటే తిరుపతి దేవుడు చెప్పినట్టే అని. అంతే, తీర్పు అయిపోయింది.  తాత గంట లోపలి నాలుకను చేత్తో పట్టుకున్నాడు, నడిచేటప్పుడు శబ్దం రాకుండా. పట్టుకోని ఇంటికి పోయినాడు. వీధి పొడుగునా పోతా ఉంటే చూస్తానే ఉండా. నాకు గెలిచినట్టే ఉండింది, చెప్తే సిగ్గు.

ఎల్లుండి బ్రహ్మాండంగా ఉగాది చేయించినా. పంచాంగ శ్రవణం, కొత్త పంచె, అన్నీ. తాత వచ్చి కడాపట వరసలో కూచోని అందరి మాదిరి పచ్చడి తాగి పోయినాడు. సందకాడ ఒడ్డున నేను నిలబడి ఉంటే వచ్చి పడమర చూపించినాడు. చెరుకు తోటల పైన చంద్రవంక, గోరంత, తేటగా. ‘పంతులు బావూ, విదియ సందమామ. దండం పెట్టుకో’ అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పాడ్యమి చంద్రుడు కూడా ఒక్కోసారి కనపడతాడు తాతా, అన్నా. ఆయన దండం పెట్టుకోని పోయినాడు.

మర్నాడు ఆ గంట నా రూములో నా మంచం పక్కన ఉండాది. ‘ఇంగ నీ కాడే ఉండాల’ అని చెప్పి పెట్టినాడంట.

ఆమైన తాత తెల్లారుజామున లేయడం మానేసినాడు. భజనకు రావడం మానేసినాడు. దానికంటే ఘోరం ఏందంటే, సిమాద్రిని నా దగ్గరికి పంపించేవాడు, ‘తాత అడగమన్నాడు, రేపు ఏకాదశేనా?’ అని. నలభై ఏండ్లు ఊరికి దినం చెప్పినాయన నన్ను అడగను పంపిస్తా ఉండాడు! సిమాద్రి వచ్చేవాడు, అడిగేవాడు, పోయేవాడు. ఒడ్డుకు రాలా. ఒకనాడు నేనే ఏందిరా, నా మీద కోపమా అంటే, వానికొచ్చిన తెలుగులో ఒక్కొక్క మాటా వెతుక్కోని చెప్పినాడు. ‘తాత నిద్రపోడు. వేళ్ళ మీద ఏమో లెక్క పెడతాడు. పొద్దంతా లెక్క. ఏం లెక్క అంటే చెప్పడు. నువ్వు వచ్చినాక మా తాతకు దినాలు లేవు.’ అనేసి పోయినాడు. అంతకంటే ఒక దెబ్బ కొట్టుంటే బాగుండు.

నేను మాత్రం, నాదేం తప్పు, ఉండేది చెప్పినా, అని బింకంగానే ఉండా. నాయనకు గొప్పగా జాబు రాసినా, ఈడ ఉగాది తప్పు దినాన చేసుకుంటా ఉంటే నేను సరిచేసినాను అని. నాలుగు వారాలకు నాయన దగ్గర్నుంచి బదులు వచ్చింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పక్కింటోళ్ళ ఆవు ఈనింది, మల్లెలు ఈ ఏడు ముందరే వచ్చినాయి, అన్నీ రాసి కడాన ఇంతే ఉండాది: ‘నాకు తెలీక అడగతా ఉండాను. మాకు తెల్లారిన గంటన్నరకు గానీ మీకు తెల్లారదని రాసి ఉంటివి కదా. మరి ఆ అమావాస్య పోయింది ఎవరి పొద్దుకు నాయనా?’

జాబు కింద పెట్టి మళ్ళ పంచాంగం తీసినా. అర్థమయిందా నీకు? అమావాస్య పోయేది లోకానికంతా ఒకటే క్షణం. ఆ క్షణం తిరుపతిలో ఆరూ నలభై, అప్పటికే పొద్దు పొడిచేసింది. అదే క్షణం ఆ దీవిలో ఐదూ పది, ఇంకా చీకటి. పొద్దు పొడవను గంట ఉండాది. అంటే ఆడ పొద్దు పొడిచేతలికి అమావాస్య పోయి పాడ్యమి వచ్చేసింది. తాత చెప్పిన దినమే ఉగాది. నేను ఊరంతటి చేత చేయించింది విదియ నాడు. ఆయన చంద్రుణ్ణి కూడా చూపించినాడే!

చేతికి ఒక టైము, గోడకు ఒక టైము. దినమూ రెండూ చూస్తానే ఉండా. తేడా తెలుసు. పంచాంగం కూడా తిరుపతి గడియారం మాదిరే తిరుపతిదని తట్టలా. అది దేవుడు రాసింది అనుకున్నా. క్లాసు ఫస్టు నేను, పూలు కట్టే నాయనకు తట్టింది.

ఇప్పుడు చూడు, అసలు కష్టం. ఎవరికీ తెలీదు. నాయనకు కూడా అది ప్రశ్నే, నాది తప్పని ఆయప్ప అనలా. గమ్మున ఉంటే అయిపోతాది. చెప్తే ఏమయితాది? తిరుపతి పంతులు పండగ దినమే తప్పు చెప్పినాడంటే, ఇంగ నేను చెప్పే మంత్రం ఎవరు నమ్ముతారు? మఠానికి తెలిస్తే వెనక్కి పిలిపిస్తారు. నాయనకు బదులు కూడా రాసినా, ‘అవన్నీ శాస్త్రం నాయనా, నీకు అర్థం కావు’ అని. రాసి, చదివి, చించేసినా. ఆయప్పకు అట్ల రాసిన చెయ్యి ఇదే.

మూడో దినం సాయంత్రం ఆ గంట తీసుకున్నా. తాత యాడ మొదలుపెడతాడో ఆ ఇంటి ముందరే నిలబడి వాయించినా. వాయిస్తే ఏదో పండగ అనుకోని అందరూ బయటికి వచ్చినారు, రేపు ఏముందని. ‘రేపు ఏమీ లేదమ్మా. పోయిన ఉగాది నేను తప్పు చెప్పినా. సన్యాసి తాత చెప్పిందే ఉగాది’ అన్నా. వాళ్ళకు ఒక్కసారికి అర్థం కాలా, నాకొచ్చిన క్రియోల్‌లో ఇంకోసారి చెప్పినా. పక్కింటికి పోయినా, వాయించినా, మళ్ళ చెప్పినా. ప్రతి ఇంటికీ. ఒక ముసలామె నడుము మీద చేతులు పెట్టుకోని, ‘అయితే నేను ఆనాడు ఉపవాసం ఉండి తినింది విదియ పచ్చడా?’ అని తగులుకునింది. కుర్రోళ్ళు నవ్వినారు. ఒకాయన తలుపేసుకున్నాడు. నోరు ఎండిపోతా ఉండాది. సగం ఇండ్లు అయినాక వెనక ఎవరో నడుస్తా ఉండారని తిరిగి చూస్తే సిమాద్రి. మిల్లు నుంచి అట్లే వచ్చినాడు, స్నానం కూడా చెయ్యకుండా. నేను చెప్పేది వాళ్ళకు అర్థం కాకపోతే వాడు విడమరిచి చెప్పినాడు.

కడాన తాత ఇల్లు. ఆయన బయట చెక్క బెంచీ మీద కూచోని ఉండాడు. వీధంతా వినపడే ఉంటాది. నేను గంట ఆయన కాళ్ళ కాడ పెట్టి, తాతా, నువ్వు చెప్పిందే నిజం, పంచాంగం మా ఊరిది, పొద్దు మీ ఊరిది, నేను కలపలేదు అన్నా.  ఆయన మెల్లిగా అడిగినాడు.

‘అయితే మా అయ్య తప్పు సెప్పనేదా?’

అది పాపా ఆయన వేళ్ళ మీద లెక్క. తను చెప్పిన ఉగాదులు, వాళ్ళ నాయన చెప్పిన ఉగాదులు, ఊరి చేత ఎన్ని తప్పు దినాల్లో చేయించినామో అని లెక్క పెడతా ఉండాడు. నేను అవమానం చేసింది ఆయనకు కాదు. ఓడెక్కి, ఊరూ పేరూ వదిలేసి, ఆకాశం చూసి దినం గుర్తు పెట్టుకున్న ఆ పోయినాయనకు. ‘చెప్పలేదు తాతా, మీ అయ్య ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు’ అన్నా. ఆయన ఆ మోటు చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ ఏడిసినా. సిగ్గేముండాది, ఏడిసినా.

మొహం తుడుచుకున్నాక ఏమడిగినాడో తెలుసా ఆ మనిషి? నన్ను తిడతాడనుకున్నా. ‘బావూ, మీ ఊరికీ మా ఊరికీ సందమామ ఒకటేనా?’ అన్నాడు. ఒకటే తాతా అంటే, ‘అయితే ఈ అమాసకు నాతో రా. నువ్వు కాయితం సూడు, నాను ఆకాశం సూస్తాను’ అన్నాడు.

పోయినా. ఆ నెల, ఆ తరవాతి నెల, ఉండినన్నాళ్ళూ. చీకట్లోనే ఒడ్డున ముగ్గురం కూచోనేది, సిమాద్రి ఆవులిస్తా. ఆ మళ్ళటి ఉగాదికి గంట తాత వాయించినాడు, పచ్చట్లోకి కాకరకాయ నేను తరిగినా. మన వేపపూత కంటే... నిజం చెప్తా, నాలుక మీద ఎక్కువసేపు ఉంటాది. ఒకనాడు సందకాడ సిమాద్రి నా మణికట్టు పట్టుకోని మళ్ళ అడిగినాడు, ఇప్పుడు నాయన ఏం చేస్తా ఉండాడని. వాడు అడగక ఎన్ని నెలలయ్యిందో!  జాబు రాస్తా ఉండాడు అన్నా.

తాత నేను వచ్చేసిన కొన్నేండ్లకు పోయినాడు. గంట ఇప్పుడు సిమాద్రి కాడ. ముసలోడై పోయినాడు వాడూ, మోకాళ్ళు రెండూ పోయినాయి, అయినా ఒడ్డుకు పోతాడు. ప్రతి ఉగాదికి ముందర నాకు ఫోన్ చేస్తాడు, వాడు ఆకాశం చెప్తాడు, నేను ఈ పెన్సిలు చెప్తా. ఒక ఏడు మబ్బు పట్టింది, అప్పుడు మాత్రం నన్నడిగినాడు. అడిగి, తరవాత టౌన్లో కూడా కనుక్కున్నాడంట, దొంగ! ఈ ఏడు ఇంకా చెయ్యలా. చేస్తాడు, అమావాస్యకు ఇంకా నాలుగు దినాలుండాది.

నువ్వు చెప్తా ఉంటివే, మీ శ్రీసిటీ కంపెనీలో జపాను నుంచి వచ్చిన పిల్ల, మన పండగలకు తెల్లమొహం వేస్తాదని. ఆ పిల్లను ఈ ఉగాదికి ఇంటికి పిల్చుకో నాయనా. పచ్చడి పెట్టే ముందర వాళ్ళకు ఏడాది ఎప్పుడు మొదలయితాదో అడుగు. అడిగి, బదులు చెప్పేదాకా గమ్మునుండు. నేను అడగలా. నువ్వు సల్లగా ఉండాల తల్లీ, నూరేండ్లుండాల, యాడికి పోయినా నీకొక సిమాద్రి దొరకాల.

టైమెంత? నాలుగున్నరా? ఆ పంచాంగం ఈడ పెట్టి, ఇట్ల రా. నా మణికట్టు పట్టుకో. పట్టుకోని అడుగు, ఇప్పుడు సిమాద్రి ఏం చేస్తా ఉండాడు అని. అడుగు పాపా. నన్ను ఎవరూ అడిగి చానా కాలమయింది.